ఆ వెచ్చదనం ఎవరింటిది?

సోల్ సంగీతాన్ని ప్రేమించేవాళ్ళలో ఒక బాపతు వాళ్ళున్నారు. 1960ల నాటి రికార్డు పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఇత్తడి వాద్యాలు, చెమట, పది మంది ఒకే గదిలో చేరి వాయించిన హోరు, అదీ సంగీతమంటే, అంటారు. 1980లలోకి రాగానే మొహం చిట్లిస్తారు. సింథసైజర్లొచ్చాయి, డ్రమ్ మెషీన్లొచ్చాయి, సోల్ అంటే ఆత్మ కదా, ఆ ఆత్మ కాస్తా పోయింది, అంటారు. ఈ ఫిర్యాదుకి వాళ్ళు తెచ్చే సాక్ష్యాల్లో టీనా టర్నర్ 1984 నాటి ఆల్బమ్ 'ప్రైవేట్ డాన్సర్' ఒకటి. గొంతు అద్భుతమే, కానీ ఆ ప్లాస్టిక్ మోత ఎందుకు పెట్టుకుందో, అని వాపోతారు.

ఆ 'కానీ'తోనే నా పేచీ.

యంత్రం చల్లనిది, మనుషుల వాద్యబృందం వెచ్చనిది అనే ఈ లెక్కలో ఒక ప్రశ్న ఎప్పుడూ రాదు. ఆ వెచ్చదనం ఎవరింట్లోది? ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరు మాడారు? సంగీత విమర్శకి ఇది సంబంధం లేని ప్రశ్న అనేవాళ్ళుంటారు. సాహిత్యంలో ఇలాంటి ప్రశ్న వేసినప్పుడు కూడా మనకి ఇదే సమాధానం వచ్చింది కాబట్టి, కొత్తగా జడుసుకోవడానికేం లేదు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో నట్‌బుష్ అనే పత్తిచేల పల్లె ఉంది. 1939లో పుట్టిన ఆనా మే బులక్ అక్కడ పెరిగింది. ఇరవై ఏళ్ళు నిండకముందే సెయింట్ లూయిస్‌లో ఐక్ టర్నర్ బ్యాండులో పాడటం మొదలుపెట్టింది. 1960లో 'ఎ ఫూల్ ఇన్ లవ్' రికార్డు మీద 'ఐక్ అండ్ టీనా టర్నర్' అని అచ్చయింది. టీనా అన్న పేరు ఆమె పెట్టుకున్నది కాదు. ఆమెని అడిగి పెట్టిందీ కాదు. ఐక్ ఆ పేరుని తన హక్కుగా రిజిస్టరు చేయించుకున్నాడు. ఈ పిల్ల వెళ్ళిపోతే ఇంకో పిల్లని తెచ్చి అదే పేరుతో నిలబెట్టుకోవచ్చునని. అప్పటికింకా వాళ్ళకి పెళ్ళి కూడా కాలేదు.

తర్వాత పదహారేళ్ళు ఆ బ్యాండే ఆమె ఇల్లు, ఆ ఇల్లే బ్యాండు. ఏడాది పొడుగునా బస్సులో ఊరూరా తిరగడం, రాత్రి ప్రదర్శన, తెల్లారేసరికి ఇంకో ఊరు. వాద్యగాళ్ళకీ, వెనక పాడి ఆడే 'ఐకెట్స్' అమ్మాయిలకీ జరిమానాలు. (ఆ బృందం పేరులో కూడా ఐకే ఉన్నాడు, గమనించండి.) డబ్బు ఐక్ చేతిలో ఉండేది. ఏ పాట, ఏ వేగం, ఎవరెక్కడ నిలబడాలి, అన్నీ ఐక్. మనకి తెలియని ఏర్పాటేం కాదిది. ఉమ్మడి వ్యాపారం, ఇంటి పెద్ద మొలలో గల్లాపెట్టె తాళం, కోడలికి తిండీ బట్టా. తేడా అల్లా ఈ కోడలే దుకాణం మొత్తానికీ సరుకు. వాచిన మొహానికి రంగు పూసుకుని వేదికెక్కిన రాత్రుల గురించి ఆమె 1986లో వచ్చిన తన ఆత్మకథ 'ఐ, టీనా'లో చెప్పింది. 1968లో ఒక ప్రదర్శన ముందు నిద్రమాత్రలు మింగింది.

ఐక్‌కి ప్రతిభ లేదని నేననను. 1951 నాటి 'రాకెట్ 88' వెనకున్నవాడు అతను. రాక్ సంగీతం తొలి రికార్డుల్లో దాన్ని లెక్కిస్తారు. ప్రతిభ ఉంది కాబట్టే ఆ బ్యాండు అంత బిగువుగా మోగింది. అయితే ఆ బిగువులో కొంత సంగీతానిదీ, కొంత భయానిదీ. వింటున్నవాళ్ళకి ఆ రెండూ విడదీసి వినిపించవు. విడదీయలేకపోవడం వాళ్ళ తప్పు కాదు. తెలిశాక కూడా, ఆమె నలభై నాలుగేళ్ళ వయసులో చేసుకున్న మరో రకం చప్పుడుని విని, అయ్యో ఆ వెచ్చదనం పోయిందే అనడం మాత్రం తప్పే.

యంత్రం సంగతికొస్తే, అది ఐక్ ఇంట్లోనూ ఉంది. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో అతను 'బోలిక్ సౌండ్' అనే స్టూడియో కట్టాడు. బోలిక్ అంటే బులక్, ఆమె పుట్టింటి పేరుని అలా తిప్పి రాసుకున్నాడు. లోపల గది గదికీ ఏం జరుగుతోందో చూడటానికి కెమెరాలు పెట్టించాడు. గుమ్మం మీద ఆమె ఇంటిపేరు, లోపల ఆమె మీద కాపలా. మనుషులు వాయించిన సంగీతం గురించి పరవశించేవాళ్ళు ఈ యంత్రం ఊసెత్తరు.

మనుషుల సంగీతానికి మరో గుడి ఫిల్ స్పెక్టర్ స్టూడియో. 1966లో 'రివర్ డీప్ - మౌంటెన్ హై' అక్కడ రికార్డయింది. ఐక్ అడ్డు రాకుండా ఉండటానికి స్పెక్టర్ 20,000 డాలర్లు ఇచ్చాడు. అంటే ఆమె గొంతుని ఒక మగవాడి దగ్గర్నించి ఇంకో మగవాడు అద్దెకి తీసుకున్నాడు. గది నిండా వాద్యగాళ్ళు. ఆమె చేత అదే పాట మళ్ళీ మళ్ళీ, ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దయ్యేదాకా పాడించాడు. అద్భుతమైన రికార్డు, ఒప్పుకుంటాను. ఇదే స్పెక్టర్ 2003లో లానా క్లార్క్‌సన్ అనే నటి ప్రాణం తీసి, 2009లో హంతకుడిగా శిక్షపడి, 2021లో ఖైదీగానే పోయాడు. ఈ ముక్క రాస్తే, కళనీ కళాకారుడి జీవితాన్నీ కలిపేస్తున్నావంటారు. కలిపింది నేను కాదు. వెచ్చదనం, చెమట, ఆత్మ అంటూ జీవితాన్ని కొలబద్ద చేసింది వాళ్ళు. ఆ కొలబద్ద పట్టుకునే నేను కొలుస్తున్నాను.

1976 జులైలో డల్లాస్‌లో ఆమె ఐక్‌ని వదిలి, వాహనాలు దూసుకుపోతున్న హైవే దాటి ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్ళింది. చేతిలో 36 సెంట్లు, ఒక పెట్రోలు కార్డు. 1978లో విడాకులు ఖరారయ్యాయి. ఆస్తిలో, డబ్బులో పట్టుబట్టకుండా ఆమె అడిగింది పేరు. టీనా టర్నర్ అన్న పేరు. దానితోపాటు రద్దయిన ప్రదర్శనల అప్పులు కూడా ఆమె నెత్తిన పడ్డాయి. ఇంకెవరో పెట్టిన పేరు కోసం అంత పట్టుదలేమిటని అడగొచ్చు. ఆ పేరు మీద పదహారేళ్ళు చాకిరీ చేసింది ఆమె. 2021లో తన రికార్డుల వాటాతోపాటు ఆ పేరుని కూడా బీఎంజీ సంస్థకి అమ్మింది. అమ్మాలంటే ముందది తనదై ఉండాలి కదా.

వదిలేసిన తర్వాత ఏడెనిమిదేళ్ళు ఏం జరిగిందో చూడండి. 1978లో 'రఫ్', 1979లో 'లవ్ ఎక్స్‌ప్లోజన్', రెండు ఆల్బమ్‌లూ నడవలేదు. లాస్ వేగాస్ తరహా వినోద ప్రదర్శనలు, టీవీ ఆటల కార్యక్రమాలు చేసి అప్పులు తీర్చుకుంది. అప్పుడామెను పలకరించింది అమెరికాలోని సోల్ పూజారులు కాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ అనే ఉక్కు పట్టణం నుంచి వచ్చిన కుర్రాళ్ళు. మార్టిన్ వేర్, ఇయన్ క్రెయిగ్ మార్ష్. 'హ్యూమన్ లీగ్' అనే బృందంలో సింథసైజర్లతోనే పాటలు కట్టి, దాన్ని వదిలి బయటికొచ్చినవాళ్ళు. పాత పాటల్ని కొత్త గొంతులతో, కొత్త యంత్రాలతో చేయిస్తూ 1982లో ఒక సంకలనం తెచ్చారు. అందులో టెంప్టేషన్స్ పాట 'బాల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్'ని ఆమె పాడింది. 1983 చివర అదే వేర్, గ్రెగ్ వాల్ష్‌తో కలిసి ఆమె చేత ఆల్ గ్రీన్ పాట 'లెట్స్ స్టే టుగెదర్' చేయించాడు. బ్రిటన్‌లో ఆరో స్థానానికి వెళ్ళింది. అప్పుడు రికార్డు కంపెనీకి మెలకువ వచ్చి ఆల్బమ్ కావాలంది. లండన్‌లో నలుగురైదుగురు ప్రొడ్యూసర్ల మధ్య పరుగెత్తుతూ, కొద్ది వారాల్లో చాలామటుకు పూర్తి చేసిందే 'ప్రైవేట్ డాన్సర్'.

ఆ 'లెట్స్ స్టే టుగెదర్'ని ఒకసారి జాగ్రత్తగా వినమని నా మనవి. 1972 నాటి ఆల్ గ్రీన్ పాటలో మెంఫిస్ బ్యాండు మొదటి క్షణం నుంచీ పాటని ఒళ్ళో కూచోబెట్టుకుని ఊపుతుంది. టీనా పాటలో మొదట తాళమే లేదు. సింథసైజర్ స్వరాలు పల్చగా పొగమంచులా పరుచుకుని ఉంటాయి. వాటి మీద ఆమె ఒక్కతే, తొందర లేకుండా, పదం పదానికీ తాను నిర్ణయించుకున్న చోట ఆగుతూ పాడుతుంది. ఆమె సిద్ధమయ్యాకే తాళం వస్తుంది. వచ్చాక కూడా అది వేగం పెంచదు. ఇది చిన్న విషయం కాదు. మనిషి వాయించే డ్రమ్ము పాడేవాళ్ళతో బేరమాడుతుంది. గొంతు పెంచితే అదీ పెంచుతుంది, ఒక్కోసారి తరుముతుంది కూడా. ఐక్ బ్యాండు పద్ధతే తరమడం. 'ప్రౌడ్ మేరీ' మెల్లగా మొదలై ఉన్నట్టుండి ఉరుకులు పెట్టడం, ఆ ఉరుకుకి తగ్గట్టు ఆమె కాళ్ళు ఆడటం ఆ ప్రదర్శనకి కిరీటం. డ్రమ్ మెషీనుకి తరమడం రాదు. దానికి కోపం రాదు. దాన్ని మెప్పించాల్సిన పని లేదు. ఆమె ముందుకి వంగినా వెనక్కి వాలినా అది తన చోట తానుంటుంది. గదిలో ఉండి కూడా తన మీదికి రాని తాళాన్ని ఆమె మొదటిసారి వింటోంది.

ఇక్కడ డోనా హారవేని, 1985 నాటి ఆమె సైబోర్గ్ ప్రకటననీ పిలవాలని నా చదువు నన్ను పొడుస్తోంది. పిలవను. పాటకి ఆ సాయం అక్కర్లేదు.

'వాట్స్ లవ్ గాట్ టు డు విత్ ఇట్' సంగతి అందరికీ తెలిసిందే. టెరీ బ్రిటెన్, గ్రాహం లైల్ రాసిన ఈ పాట ఆమెకి మొదట నచ్చలేదు. ఆమె గొంతుకి తగ్గట్టు మార్చి కూర్చారు. చరణాల్లో ఆమె దాదాపు మాట్లాడుతున్నట్టు, కింది స్థాయిలో ఉంటుంది. మధ్యలో వినిపించే మౌతార్గాన్ నిజమైన మౌతార్గాన్ కాదు, సింథసైజర్‌దే. అరవగలిగిన గొంతు అరవకుండా ఉండటంలో ఎంత సంగీతముందో ఆ పాటలో తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఆమె అరుపునే ఆత్మ అనుకున్నవాళ్ళకి ఇది చలిగా తోచిందంటే ఆశ్చర్యం లేదు. 1984 సెప్టెంబరులో ఆ పాట అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది.

పైగా ఆల్బమ్ అంతా యంత్రమేనన్నవాళ్ళు విననైనా వినలేదు. 'ప్రైవేట్ డాన్సర్' అన్న పాటనే తీసుకోండి. మార్క్ నాఫ్లర్ రాసింది. అతని 'డైర్ స్ట్రెయిట్స్' బృందంలోని వాళ్ళే వాయించారు, జెఫ్ బెక్ గిటార్ వాయించాడు. డబ్బు కోసం మగవాళ్ళ ముందు ఆడే స్త్రీ గొంతులో సాగే పాట అది. ఆ మొహాలు ఆమె గుర్తుపెట్టుకోదు, మనసు అక్కడ పెట్టదు. పదహారేళ్ళు డబ్బు కళ్ళజూడకుండా మగవాళ్ళ ముందు ఆడిన మనిషి ఈ పాటని అంత నిబ్బరంగా పాడుతుంటే, అందులో ఆత్మ లేదంటే ఏమనాలి? ఇంకా ఎక్కువ ఏడవాలా? ఎవరి తృప్తికి?

మగవాళ్ళ విషయంలో ఈ లెక్కే మారిపోతుంది. స్లై స్టోన్ 1971లో డ్రమ్ మెషీన్ వాడితే దార్శనికుడు. స్టీవీ వండర్ 1972 నుంచి గది పట్టనంత సింథసైజర్ పెట్టుకుని ఆల్బమ్ మీద ఆల్బమ్ చేస్తే మేధావి. మార్విన్ గే 1982లో బెల్జియంలో కూచుని డ్రమ్ మెషీన్ మీద 'సెక్సువల్ హీలింగ్' కడితే పునర్జన్మ. నాకు ఈ ముగ్గురూ ఇష్టమే. అడుగుతున్నదల్లా, రెండేళ్ళ తర్వాత ఒక స్త్రీ ఆ గదిలో అడుగు పెట్టగానే అదే యంత్రం ఆత్మని ఎలా మింగేసిందని. యంత్రం మగవాడి చేతిలో పనిముట్టు, ఆడదాని పక్కన ముసుగు. ఇంకో తమాషా చెప్పాలి. 'ప్రైవేట్ డాన్సర్'లో టీనా మళ్ళీ పాడిన 'ఐ కాంట్ స్టాండ్ ద రెయిన్' అసలు పాట 1973లో మెంఫిస్‌లో ఆన్ పీబుల్స్ పాడింది. అచ్చమైన సోల్ అంటే అదేనని చూపిస్తారు. ఆ పాట మొదట్లో టపటపా పడే ఆ చినుకుల చప్పుడు ఎలక్ట్రిక్ టింబాలీలది, కరెంటు మీద పనిచేసే వాద్యం. సోల్ గర్భగుడిలో కరెంటు ఏనాటి నుంచో ఉంది.

ఆ మధ్య ఒక సదస్సులో ఈ విషయం మీద చిన్న పత్రం చదివాను. ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన లేచి, "అమ్మాయీ, నువ్వెన్ని చెప్పు, పాత పాటల్లో ఉన్న ఆర్ద్రత ఇందులో లేదు" అన్నారు. సభలో చాలామంది తలలూపారు. నేను సాహిత్య విద్యార్థిని కాబట్టి ఆ మాట ఎక్కడ విన్నానో వెంటనే గుర్తొచ్చింది. మన పత్రికల్లో స్త్రీ రాసిన కథకి సమీక్ష రాసేవాళ్ళు ఆర్ద్రత అన్న మాట వాడినంత ధారాళంగా నిర్మాణం అన్న మాట వాడరు. కన్నీళ్ళుంటే అనుభవం పండిందంటారు. కన్నీళ్ళు తుడుచుకుని, ఎడం పాటించి, వాక్యాన్ని పొడిగా నిలబెడితే హృదయం లోపించిందంటారు. స్త్రీ ముడిసరుకు ఇవ్వాలి, ముడిసరుకుగానే ఇవ్వాలి. దాన్ని ఏ పనిముట్టుతో ఎలా చెక్కాలో ఆమె నిర్ణయించుకుంటే, ఇది నువ్వు కాదంటారు. ఆ పెద్దాయనకి నేను, "ఆర్ద్రత అంటే తడి కదండీ, ఆ తడి చెమటో రక్తమో ముందు తేల్చుకుందాం" అన్నాను. అధ్యక్షులవారు టీ విరామం ప్రకటించారు.

అన్ని అభ్యంతరాలూ ఇలాంటివే కావు. నెల్సన్ జార్జ్ 1988లో 'ద డెత్ ఆఫ్ రిథమ్ అండ్ బ్లూస్' అనే పుస్తకం రాశాడు. నల్లజాతి సంగీతం తెల్లవాళ్ళ మార్కెట్‌లోకి దాటే క్రమంలో, నల్లజాతి వాళ్ళ సొంత రేడియోలు, రికార్డు కంపెనీలు, దుకాణాలు ఎలా కరిగిపోయాయో అందులో చెప్తాడు. ఆ వాదనని నేను తోసిపుచ్చను. 'ప్రైవేట్ డాన్సర్' ఆ దాటడానికి పెద్ద ఉదాహరణే, తీర్చిదిద్దినవాళ్ళలో ఎక్కువమంది బ్రిటన్‌లోని తెల్ల మగవాళ్ళే. అయితే నల్లజాతి సొంత వేదికల్లో ఆమెకి దక్కిన స్థానమేమిటో కూడా ఆ లెక్కలో రాయాలి. సొంత ఇల్లు కూలిపోతోందని బాధపడేవాళ్ళు, ఆ ఇంట్లోంచి ప్రాణం చేత పట్టుకుని పారిపోయినదాన్ని ఇల్లు కూల్చినదాని కింద జమకట్టకూడదు. అదీగాక రాక్ సంగీతం నల్లజాతి స్త్రీలది కూడానని, చరిత్ర రాసినవాళ్ళు వాళ్ళని బయట నిలబెట్టారని మోరీన్ మాన్ 2020 నాటి 'బ్లాక్ డైమండ్ క్వీన్స్'లో వివరంగా చూపించింది. టీనా కోరుకున్నది కూడా అదే, రోలింగ్ స్టోన్స్ లాగా స్టేడియాలు నింపడం. 1988 జనవరిలో రియోలోని మరకానా మైదానానికి సుమారు 1,80,000 మంది వచ్చారు. అక్కడ ఆమె వెనక మనుషుల బ్యాండే ఉంది, 'ప్రౌడ్ మేరీ' కూడా పాడింది. ఆమెకి బ్యాండు మీద పగేం లేదు. ఆ బ్యాండుకి జీతాలిచ్చింది ఆమె.

నన్ను నిజంగా కలవరపెట్టేది సింథసైజర్ కాదు, ఆల్బమ్ అట్ట మీద పాటల కింద ఉన్న పేర్లు. స్త్రీల పేర్లు లేవని కాదు. ఆన్ పీబుల్స్ ఉంది, 'బెటర్ బీ గుడ్ టు మీ' రాసినవాళ్ళలో హోలీ నైట్ ఉంది, టీనాతో కూచుని ఆమె జీవితం గురించి మాట్లాడి 'ఐ మైట్ హావ్ బీన్ క్వీన్' రాసిన జానెట్ ఆబ్‌స్టాయ్ ఉంది. టీనా టర్నర్ పేరు మాత్రం ఒక్క పాట కింద కూడా లేదు. 1973లో 'నట్‌బుష్ సిటీ లిమిట్స్' రాసిన మనిషి ఆమె. తన ఊరి చర్చి, పత్తి జిన్ను, వేగం హద్దులు అన్నీ అందులో పెట్టి రాసింది. అంతకు ముందేడు 'ఫీల్ గుడ్' ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు ఆమె రాసినవే. అంటే ఐక్ ఇంట్లో దెబ్బలు తింటూ రాసింది. బయటపడి, గెలిచి, ప్రపంచమంతా తిరిగినప్పుడు రాయలేదు, లేదా రాసింది చాలా తక్కువ. నేనింతసేపూ చెప్పిన విముక్తి కథలో ఈ నిజం సాఫీగా ఇమడదు. ఇమిడించాలని కూడా నాకు లేదు.

డబ్బు పరంగా చూస్తే ఇది ఇంకా కొరుకుడు పడదు. అమెరికాలో రేడియోలో పాట మోగితే పాట రాసినవాళ్ళకి డబ్బు వెళ్తుంది, పాడినవాళ్ళకి ఏమీ వెళ్ళదు. అక్కడి మామూలు రేడియోలకి ఇవాళ్టికీ అదే పద్ధతి. 'వాట్స్ లవ్' అక్కడ ఎన్నిసార్లు మోగినా ఆ ఖాతాలో ఆమెకి దమ్మిడీ రాదు. 1985 గ్రామీ బహుమతుల్లో ఆమెకి మూడు వచ్చాయి. నాలుగోది, పాట రాసినందుకిచ్చేది, బ్రిటెన్, లైల్‌లకి వెళ్ళింది. న్యాయంగానే వెళ్ళింది, వాళ్ళే రాశారు కాబట్టి. నా ప్రశ్న ఆ కలం ఎక్కడ పోయిందని. అప్పులు మోస్తూ వచ్చిన స్త్రీకి రాసుకునే తీరిక దొరకలేదా? రాయడమన్నది ఐక్ ఇంట్లో చాకిరీలో భాగమై, ఆ ఇంటితోపాటే దాన్నీ వదిలేసిందా? రికార్డు కంపెనీ నలభై నాలుగేళ్ళ గాయనిని, పాడటం చాలు రాయడం దేనికి అందా? లేక ఆమెకే రాయాలనిపించలేదా, అది కూడా ఆమె ఇష్టమే కదా?

డ్రమ్ము నిజందా కరెంటుదా అని నలభై ఏళ్ళుగా తర్కించినవాళ్ళకి ఈ ప్రశ్న తట్టలేదు. 1969 నుంచి 1976 దాకా ఆమె పేరుతో ఉన్న పాటలన్నీ ఒక చోట చేర్చి, ఐక్ బాణీని పక్కన పెట్టి, ఆమె రాతగా చదవాల్సిన పని మిగిలే ఉంది. విశ్వవిద్యాలయాల్లో స్త్రీల రచనల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయిలెవరైనా చేస్తానంటే, నేను పోగుచేసుకున్న రికార్డు అట్టల నకళ్ళు, పుస్తకాలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.